మేడమ్ నేర్పిన బంగారం

ఆ కాలేజీలో కెమిస్ట్రీ చదివినవాళ్లను ఎవర్ని కదిలించినా హైమవతి మేడమ్ ఉమ్మి గురించి చెబుతారు. ఇప్పుడంటే గొంతు తగ్గించి చెబుతున్నారు గానీ, అప్పట్లో నవ్వుతూ, కాస్త గర్వంగానే చెప్పేవాళ్లు. దివిసీమలో కాలువగట్టు మీద ఉన్న చిన్న డిగ్రీ కాలేజీ అది. ల్యాబులో నాలుగు ఫ్యాన్లుంటే రెండే తిరిగేవి, ఆ రెండూ బర్నర్ల మంట ఆర్పడానికే తిరిగినట్టుండేవి. అలాంటి చోట ఆవిడ ఫైనలియరు పిల్లల చేత బంగారంతో జబ్బుని పట్టిచ్చే బయోసెన్సర్ చేయించేది.

బంగారమంటే గాజులు చేయించుకునేది కాదు. లేత పసుపురంగు గోల్డ్ క్లోరైడ్ నీళ్లను మరగబెట్టి సిట్రేట్ పోస్తే, పసుపు పోయి, కాసేపు నల్లబడి, చూస్తుండగానే దానిమ్మరసం రంగుకి తిరుగుతుంది. కంటికి కనపడని బంగారు నానో కణాలు విడివిడిగా తేలుతున్నంతసేపూ ఆ ఎరుపు అలాగే ఉంటుంది. అవి ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దయితే నీలం. ఇంతవరకూ ఏ కాలేజీలోనైనా చేయించేదే. ఆ కణాల మీద వేసే కొత్త పూత ఉందే, అసలు సంగతంతా దాన్లో ఉంది. ఆ పూత నేర్చుకుంటుంది. వేసిన మొదటి గంటలో ఏ మనిషి ఉమ్మి తగిలిస్తే ఆ మనిషి నరాల్లోంచి ఊరే ప్రోటీన్లన్నీ దానికి చుట్టాలైపోతాయి. గంట దాటాక పూత గట్టిపడుతుంది. ఆ తర్వాత కొత్త మొహం ఏది ఎదురైనా కణాలు గుమిగూడి నీలం తిరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరికీ ఆ ప్రోటీన్లు ఒకే రకం. మొద్దుజబ్బు ఉన్నవాళ్లకి మాత్రం అదనంగా ఒకటుంటుంది.

మొద్దుజబ్బంటే ఏమిటో డెల్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ముందు వేళ్ల కొసల్లో స్పర్శ పోతుంది. తర్వాత అరచెయ్యి, మణికట్టు, మోచెయ్యి. మణికట్టు దాటకముందే మందు మొదలుపెడితే జబ్బు వెనక్కి తిరుగుతుంది. దాటిందా, ఇక తిరగదు. చేతులతోపాటు లోపల కూడా ఏదో మొద్దుబారుతుందని, కోపమూ భయమూ ఏడుపూ రావడం మానేస్తాయని డాక్టర్లు చాలా ఆలస్యంగా కనిపెట్టారు. అసలు ఆ జబ్బు ఎందుకొస్తుందో ఎవరికీ తెలీదు.

బంగారానికి పాఠం చెప్పడానికి ఆ పూత అమ్మే కంపెనీవాళ్లు ఆరోగ్యవంతుల ఉమ్మిని చిన్న సీసాలో పెట్టి పంపేవాళ్లు. దాన్ని ఐసులో పెట్టి తేవాలి, ఫ్రిజ్‌లో దాచాలి. ఆ ఊరి కరెంటు సంగతి కంపెనీకేం తెలుసు? సీసా మూత తీస్తే విరిగిన పాలలా ఉండేది. మొదటి ఏడాది రెండు సీసాలు పారబోశాక హైమవతి, "నేను లేనా? నాకేం రోగం?" అంది. అప్పట్నుంచీ బ్యాచ్ చేసే రోజు పరగడుపునే వచ్చి, నోరు పుక్కిలించి, వాచ్‌గ్లాసులో ఉమ్మి ఇచ్చేది. పాఠం అయ్యాక మొదటి పరీక్ష చుక్క కూడా ఆవిడదే. టెస్ట్‌ట్యూబు పైకెత్తి, "చూడండర్రా, ఆరోగ్యం అంటే ఈ రంగు," అనేది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు.

ఆ బంగారమే క్యాంపులకు కూడా వెళ్లేది. సెలవుల్లో పిల్లల్ని పడవెక్కించి లంక గ్రామాలకు తీసుకెళ్లి, వచ్చినవాళ్లందరికీ చుక్క పరీక్ష చేయించేది. చుట్టుపక్కల మండలాల్లో నీలాలు తేలుతుంటే, ఇక్కడ ఎవరికి చేసినా ఎరుపే. పేపర్లో పడింది. ప్రిన్సిపాల్ వీరభద్రం గారు ఆ ముక్క కత్తిరించి, ఫ్రేము కట్టించి తన గదిలో తగిలించుకున్నారు. గవర్నమెంటు డాక్టర్లు కూడా ఇక ఈ వైపు రావడం మానేశారు.

హైమవతి మొగుడు పరంధామయ్య పశువుల డాక్టరు. గేదె చూడి కట్టిందో లేదో చెయ్యి పెట్టి చూసి, ఎన్నో నెలో కూడా చెప్పేవాడు. ఆయన చేతిమీద రైతులకు ఎంత గురి అంటే, సంతలో గేదెని కొనేముందు ఆయన సెలవు పెట్టాడేమో కనుక్కుని మరీ బేరానికి దిగేవాళ్లు. అలాంటిది ఒకసారి చూడి గేదెని పట్టుకుని "ఒట్టిదేనయ్యా" అనేశాడు. రైతు దాన్ని కబేళాకి అమ్మాడు. అక్కడ కడుపులో దూడ బయటపడింది. ఆ రైతు వచ్చి గుమ్మం ముందు నిలబడి నానా తిట్లూ తిడుతుంటే పరంధామయ్య వింటూ నిలబడ్డాడు. మర్నాడు ఇంకో గేదె దగ్గర చెయ్యి పెట్టి, వేళ్లకు ఏమీ తెలియక, బయటికి తీసి చేతినే చాలాసేపు చూసుకున్నాడు. ఆ నెలలోనే ఉద్యోగం మానేశాడు.

హైమవతి ఆయనకి చుక్క పరీక్ష తానే స్వయంగా చేసింది. ఎరుపు. "మొద్దుజబ్బు కాదండీ, అదృష్టవంతులం," అంది. షుగరు కొంచెం ఉంది కాబట్టి షుగరు వల్లే నరాలు దెబ్బతిన్నాయన్నారు డాక్టర్లు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అన్నం తగ్గింది, కాకరకాయ పెరిగింది. చేతులు మాత్రం బాగుపడలేదు. ఆయన తల్లి పోయినప్పుడు ఇద్దరి కళ్లల్లోనూ తడి లేదు. "చదువుకున్నవాళ్లు కదా, ఎంత నిబ్బరం!" అని వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. ఆ ఇంట్లో అరుపుల్లేవు, అలకల్లేవు. ఎదురింటావిడ తన కోడలికి వీళ్లనే చూపించి బుద్ధి చెప్పేది.

ఆ ఏడాది బ్యాచ్ చేయాల్సిన రోజున హైమవతి మొగుణ్ణి గుంటూరు తీసుకెళ్లాల్సి వచ్చింది. ఎడమ మోచెయ్యి కూడా మొద్దుబారిందని పెద్ద డాక్టరుకి చూపించడానికి. ప్రాక్టికల్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి. క్లాసులో కాస్త చెయ్యి తిరిగిన పిల్ల కెజియాకి ఫోన్ చేసి, "నువ్వు చేసెయ్యమ్మా. కొత్త సీసా వచ్చింది, ఫ్రిజ్‌లో ఉంది, దాంతో నేర్పు," అంది.

మర్నాడు ల్యాబుకి వచ్చేసరికి బీకరు నిండా ఎర్రగా నిగనిగలాడుతోంది. హైమవతి అలవాటు ప్రకారం కొంచెం టెస్ట్‌ట్యూబులో పోసి, నోరు పుక్కిలించి, తన చుక్క వేసింది. "చూడండర్రా, ఆరోగ్యం అంటే..." అని పైకెత్తింది. ఎరుపులోంచి ఊదా, ఊదాలోంచి నీలం, పైనుంచి కిందికి దిగింది.

క్లాసంతా ఘొల్లుమంది. వెనక బెంచీలోంచి తులసీరావు, "పొద్దున్నే ఆవకాయ తిన్నారా మేడమ్?" అని అరిచాడు. వాడు అన్నదాన్లో తప్పేం లేదు. ఉప్పు తగిలినా కణాలు ముద్దకడతాయని ఆవిడే చెప్పింది. హైమవతి కూడా నవ్వింది. మళ్లీ నోరు పుక్కిలించి, మంచినీళ్లు తాగి, కాసేపాగి ఇంకో చుక్క వేసింది. నీలం. డిస్టిల్డ్ వాటర్ వేసింది. ఎరుపు.

"కెజియా, కంపెనీ సీసాతోనే నేర్పావా?"

కెజియా లేచి నిలబడింది. "లేదు మేడమ్. అది విరిగిపోయింది. మీరెప్పుడూ మీది ఇస్తారు గదా అని... నాది ఇచ్చాను. పరగడుపునే ఇచ్చాను మేడమ్."

"మంచిపని చేశావు," అంది హైమవతి. ఎందుకన్నదో తనకే తెలీదు. ఫ్రిజ్‌లో పాత బ్యాచ్ అడుగున కొంచెం మిగిలి ఉంటే తీసి, దాన్లో తన చుక్క వేసింది. ఎరుపు. కెజియా చుక్క వేసింది. అదీ ఎరుపే. కెజియా చేసిన బంగారంలో కెజియా చుక్క వేసింది. అదీ ఎరుపే. నాలుగు ట్యూబుల్నీ వరసగా స్టాండులో పెట్టి, తెల్లకాగితం ఒకటి వెనక ఆనించింది. క్లాసులో నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడు చెప్పు కెజియా. నా బంగారంలో నువ్వు ఎరుపు. నీ బంగారంలో నేను నీలం. ఏమని అర్థం?"

"తెలీదు మేడమ్."

"తెలుసు. చెప్పు."

"నా చెయ్యి కుదర్లేదేమో మేడమ్. పూత ఎక్కువైందేమో."

"ఎక్కువైతే నీ చుక్కకి కూడా తేడా రావాలిగా. చెప్పు."

కెజియా మిగతా పిల్లల వైపు చూసింది. అందరూ బెంచీలు చూస్తున్నారు. "మీ బంగారానికి నాలో కొత్తదేం కనపడలేదు మేడమ్. నా బంగారానికి..."

"ఊఁ, నీ బంగారానికి?"

"మీలో ఏదో కొత్తది కనపడింది."

"అంటే నీకు లేనిదేదో నాకుంది. ఇంకా?"

"ఇంక వద్దు మేడమ్."

"వైవాలో ఎగ్జామినరు ఇలా ఊరుకోడు. ఇంకా?"

"దాన్ని మీ బంగారం మామూలే అనుకుంది మేడమ్. మీ దగ్గరే నేర్చుకుంది కదా. అది ఇంకెవరిలో ఉన్నా... మామూలే అనుకుంటుంది."

"గుడ్," అంది హైమవతి. "పూర్తి మార్కులు. కూర్చో."

కెజియా కూర్చుని చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. హైమవతి తన చేతివేళ్లు చూసుకుంది. చాక్‌పీసు పొడి అంటి ఉంది. బొటనవేలు చూపుడువేలికేసి రుద్దింది. రుద్దినట్టు కంటికి తెలుస్తోంది గానీ వేలికి తెలియడం లేదు. ఎన్నాళ్ల నుంచి తెలియడం లేదో గుర్తుచేసుకోబోతే గుర్తుకు రాలేదు. భయపడాలి కదా అనుకుంది. కాసేపు చూసింది, భయం రాలేదు.

"అందరూ వరసగా రండి," అంది. "కెజియా బంగారంలో వేద్దాం."

చాలా వరకు ఎరుపులే. వరలక్ష్మి అనే పిల్లకి నీలం, తులసీరావుకి నీలం. వాడు టెస్ట్‌ట్యూబు పట్టుకుని, "నేను నిజంగానే ఆవకాయ తిన్నాను మేడమ్," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. హైమవతి వాణ్ణి కళ్లు మూసుకోమని, పెన్సిలు కొసతో వేళ్లమీద ఒక్కొక్కటీ గుచ్చి చూసింది. ప్రతిసారీ "ఆఁ" అన్నాడు. "కొసల్లోకి కూడా రాలేదురా. మందు తింటే పోతుంది. మీ నాన్నగారికి నేను చెబుతాను," అంది. వరలక్ష్మికీ అంతే చెప్పింది.

ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. వీరభద్రం గారు గబుక్కున లేచి తలుపు వేసి వచ్చారు.

"ముందు ఆ కెజియా చుక్కని విజయవాడ పంపిద్దాం. ఆ పిల్లలోనే ఏదన్నా తేడా ఉందేమో."

"పంపిద్దాం సార్. కానీ తేడా నాలోనే ఉంది."

"సరే, ఉందనుకుందాం. కొత్త కిట్టు వచ్చిందని చెప్పి క్యాంపులన్నీ మళ్లీ పెడదాం. పాతది తప్పని మనం ఎందుకు చెప్పుకోవాలమ్మా?"

"ఒకసారి బాగుందన్నాక మళ్లీ ఎవరొస్తారు సార్? కోతలొదులుకుని వస్తారా? తప్పు జరిగిందంటేనే వస్తారు."

"మీ పేరు బజార్న పడుతుంది."

"పడనివ్వండి."

ఆయన ఆవిడకేసి చేతులు జోడించినంత పని చేశారు. "మీ ధైర్యం మాకు లేదమ్మా," అన్నారు. ఆ తర్వాత ఊళ్లో అందరూ అదే మాట అన్నారు. అది ధైర్యం కాదని హైమవతికి తెలుసు. అడ్డం పడాల్సిన సిగ్గూ భయమూ అడ్డం పడలేదు, అంతే. ఖాళీ రోడ్డు మీద బండి పోయినట్టు నోట్లోంచి నిజం వెళ్లిపోయింది.

ఇంటికెళ్లి మొగుడికి కూడా అలాగే చెప్పింది. పరంధామయ్య వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు.

"అయితే నాది షుగరు కాదా?"

"కాదండీ."

"నువ్వు పరీక్ష చేసిన రోజుకి నాది ఎక్కడిదాకా ఉంది?"

"వేళ్లలో ఉంది. మణికట్టు దాటలేదు."

"అప్పుడు మందు తినుంటే?"

"పోయేది."

ఆయన తలూపాడు. "నీది ఎక్కడిదాకా వచ్చింది?"

"కొసల్లోనే."

"అయితే రేపే మొదలుపెట్టు," అన్నాడు. వీధిలో ఎవరిదో గేదె పోతుంటే అలవాటుగా దాని పక్కలకేసి చూశాడు. "సరే, అన్నం పెట్టు. ఆకలేస్తోంది."

ఇద్దరూ తిన్నారు. కాకరకాయ వేపుడు కొంచెం మాడింది. ఆ సంగతి కూడా మాట్లాడుకున్నారు.

కెజియాలో ఏ తేడా లేదని విజయవాడ నుంచి కబురొచ్చింది. ఊళ్లోనూ, పడవ మీద దాటించి లంకల్లోనూ మైకు పెట్టిన ఆటో తిరిగింది. ఆ మైకులో చదవాల్సింది హైమవతే చెప్పి రాయించింది. "పరీక్ష నేర్పిన హైమవతి మేడమ్ గారికే మొద్దుజబ్బు ఉన్నందువల్ల, ఇదివరకు చేసిన పరీక్షలన్నీ తప్పు. అందరూ మళ్లీ కాలేజీకి రావాలి" అని. ఆటో ఆవిడ ఇంటిముందు నుంచే వెళ్లింది. ఎదురింటావిడ తలుపేసుకుంది. హైమవతి కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతూ విని, చివర 'దయచేసి' అన్న మాట పెట్టి ఉంటే బాగుండేదనుకుంది.

జనం వచ్చారు. పడవలకు పడవలు దిగారు. కెజియా బంగారం చేసి చేసి అలిసిపోయింది. నీలాలు చాలానే తేలాయి. సగానికిపైగా ఇంకా మందుకి దొరికే దశలోనే ఉన్నారు. మిగతావాళ్లు దాటిపోయారు. వాళ్లలో పున్నయ్య అనే పసుపు రైతు ఒకడు. హైమవతి పెన్సిలు కొసతో మణికట్టు మీద, ఆపైన, ఇంకా ఆపైన గుచ్చి చూసింది. భుజం దగ్గరికి వచ్చాక "ఆఁ" అన్నాడు. తర్వాత ఆవిడ మొహంలోకి చూసి, "ఎర్రగా ఉందన్నావు గదమ్మా," అన్నాడు.

"అన్నాను."

అతను ఇంకేదో అంటుందేమోనని చూశాడు. ఆవిడ కూడా తన నోట్లోంచి ఇంకేదో వస్తుందేమోనని చూసింది. రాలేదు. వెనక లైన్లో ఉన్నవాళ్లు తోసుకుంటుంటే పున్నయ్య లేచి వెళ్లిపోయాడు.

మందు మొదలుపెట్టాక వారాల తరబడి ఏ మార్పూ లేదు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తెల్ల మాత్రలు, చేదు కూడా లేదు. కాలేజీలో పాఠాలు చెప్పింది, పేపర్లు దిద్దింది. తులసీరావు మళ్లీ వెనక బెంచీలోంచి జోకులేయడం మొదలుపెట్టాడు. వాడికి జబ్బు పోతోందని డాక్టరు చెబితే, "మంచిదిరా," అని అటెండెన్సు తీసుకుంది.

ఒక ఆదివారం పొద్దున స్నానాల గదిలో మొగుడికి వేణ్ణీళ్లలో చన్నీళ్లు తొలుపుతోంది. ఆయన చేతికీ వేడి తెలీదు, తన చేతిమీదా తనకి నమ్మకం లేదు. అందుకని ఆ ఇంట్లో బకెట్లో ల్యాబు థర్మామీటరు ముంచి చూసుకుంటేగాని ఎవరూ నీళ్లు పోసుకోరు. చెంబు చెయ్యిజారి బకెట్లో మునిగింది. తీద్దామని హైమవతి చెయ్యి పెట్టింది.

చురుక్కుమంది.

చెయ్యి వెనక్కి లాక్కుంది. వేళ్లు ఎర్రబడ్డాయి. ఇంకోసారి, నెమ్మదిగా, కొసలు మాత్రం ముంచింది. మళ్లీ చురుక్కుమంది. నవ్వొచ్చింది. నవ్వు వచ్చిన దారినే, వెనకాలే, ఇంకోటి కూడా వచ్చింది. భుజం దగ్గర "ఆఁ" అన్న పున్నయ్య గొంతు ఇప్పుడే విన్నట్టయింది. "ఎర్రగా ఉందన్నావు గదమ్మా." దివిసీమంతా తిరిగి, ఊరూరా క్యాంపులు పెట్టి, మీకేం లేదు పొమ్మని చెప్పింది తనే. ఇంట్లో మొగుడి చేతులు పట్టుకుని, అదృష్టవంతులం అన్నదీ తనే. గోడ పట్టుకుంది. గోడ చల్లగా, గరుగ్గా ఉందని తెలిసింది.

"హైమా, నీళ్లు పెట్టావా?" అన్నాడు పరంధామయ్య తలుపవతల్నించి.

"కాస్త ఆగండి. వేడిగా ఉన్నాయి."

"థర్మామీటరు ఎంత చూపిస్తోంది?"

"చూడలేదండీ."

ఎన్నో వేల పశువుల్ని చేత్తో చూసినవాడు, అర్థం కావడానికి ఎంతసేపు?

"చేత్తోనే చూశావా?"

"ఊఁ."

"ఎలా ఉంది?"

హైమవతి చెప్పబోయింది. "మంటగా ఉందండీ," అంది. అని, తడి నేలమీద కూలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగకుండా, వీధిలోకి వినపడేలా ఏడ్చింది.

తలుపు తీసుకుని పరంధామయ్య లోపలికొచ్చాడు. ఆవిడనీ బకెట్నీ మార్చి మార్చి చూశాడు.

"మంచిదేగా హైమా, నీకు తెలుస్తోందిగా," అన్నాడు. "మరెందుకేడుస్తున్నావు?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు, జాలీ లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు.